జీతం లేని ఫైరోడు

“నెలకి అయిదు వేలేగా ఇచ్చేది?” అంది పిన్ని.

మాఘమాసంలో మేనమామ కూతురి పెళ్ళికని కందుకూరు పక్కన మా ఊరికి వచ్చాను. 2022లో మా ప్రాంతాన్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపారు. పిన్నికి అదేం పట్టదు. 1972లోనే పోయిన ‘ఒంగోలు జిల్లా’ పేరే ఆమె ఇంకా వాడుతుంది. పెళ్ళి అయిపోయి, తెచ్చిన కుర్చీలు తిరిగి పంపేసి, అందరం పంచలో చేరగిలబడి ఉన్నాం. న్యూజెర్సీలో నేను కంప్యూటర్ ఉద్యోగం కాక ఇంకేదో చేస్తానని ఎవరో కదిపారు. ‘ఫైర్ వాలంటీర్ని పిన్నీ’ అన్నాను.

వాలంటీర్ అన్న మాట ఆమెకి నాకంటే బాగా తెలుసు. 2019 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆ మాటకి అర్థం స్థిరపడిపోయింది. యాభై ఇళ్ళకొకరు, నెలకి అయిదు వేల గౌరవ వేతనం, ఒకటో తారీఖున ఇంటికొచ్చి పింఛను. 2024లో ఆ పద్ధతి ఆగిపోయినా మాటకి ఆ అర్థం మాత్రం పోలేదు. ఆ అయిదు వేలు కూడా లేవన్నాను.

“మరి ఊరికినే యాడికి పోతావు, మంటల్లోకా?”

“అవును.”

“నీకేం పొయ్యేకాలంరా?”

ఇదే ప్రశ్న అమెరికాలో మనవాళ్ళు కాస్త మర్యాదగా అడుగుతారు. “రెజ్యూమేలో పెట్టుకోడానికి పనికొస్తుందా?” “టాక్సులో ఏమన్నా తగ్గిస్తారా?” ఒకాయనైతే నన్ను పక్కకి పిలిచి, “దీనివల్ల సిటిజన్‌షిప్ తొందరగా వస్తుందా?” అన్నాడు. తెలుగువాళ్ళ దసరా ఫంక్షన్‌లో నాకు శాలువా కప్పి, మైకులో ‘ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నత ఉద్యోగి’ అని చెప్పారు. కిందకి దిగాక సరిచేయబోతే, “ఉండనీ అన్నా, వాలంటీర్ అంటే చిన్నతనంగా ఉంటదని నేనే మార్చా” అన్నాడు మైకు పట్టుకున్న కుర్రాడు.

నిజానికి న్యూజెర్సీలో మేముండే ఊళ్ళో ఆరేళ్ళు కాపురం ఉన్నదాకా, అక్కడ మంటలార్పేది జీతం లేనివాళ్ళని నాకూ తెలీదు. పన్ను కడుతున్నాం, ఫైరింజన్ వస్తుంది, అందులో ఉన్నవాళ్ళకి జీతం వస్తుంది అనుకున్నాను. 2021లో ఒక సాయంత్రం పక్కింటివాళ్ళ బట్టలారబెట్టే మెషీన్లో నూగు పేరుకుని మంటలంటుకుంది. ఫైరింజన్‌లోంచి ముందు దిగినాయన్ని చూసి నోరు తెరిచాను. నెల ముందు మా ఇంట్లో బాయిలర్ బాగుచేసిన ప్లంబరు! ఆయనే కెప్టెన్. వెనక దిగినవాళ్ళలో ఒకామె స్కూలు బస్సు నడుపుతుంది, ఒక కుర్రాడు కాలేజీలో చదువుతున్నాడు. మంట ఆరాక ప్లంబరు నన్ను గుర్తుపట్టి, “నువ్వు ఇంటి నుంచే పనిచేస్తావు కదా? పగటిపూట మాకు మనుషులు దొరకడం లేదు” అన్నాడు. నేను చేరడం వెనక ఇంతకు మించిన ఆదర్శం ఏమీ లేదు.

ఆ దేశంలో ఇది అరుదేమీ కాదు. 2020 లెక్కల్లో అక్కడ మంటలార్పేవాళ్ళు సుమారు 10 లక్షల 40 వేల మంది. అందులో 6 లక్షల 77 వేల మంది వాలంటీర్లే, నూటికి 65 మంది. పెద్ద నగరాల్లో దాదాపు అందరూ జీతాలవాళ్ళు, చిన్న ఊళ్ళలో ఎక్కువగా మాలాంటివాళ్ళు. సినిమాల్లో చూపించేది నగరాలవాళ్ళని కాబట్టి, అసలువాళ్ళంటే వాళ్ళేనని జనానికి ముద్ర పడిపోయింది.

మా స్టేషన్లో వంటింటి బల్ల దగ్గర కూర్చుంటే పాత సభ్యులు ఈ ముద్ర వెనక కథంతా చెబుతారు. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టినప్పుడు, ఒక్కో సభ్యుడు తన తోలు బకెట్లు తానే తెచ్చుకోవాలి, సామాను బయటికి మోసుకురావడానికి సంచులు కూడా. ఊళ్ళో పెద్దమనుషులు చేసే పని అది. ఆ తర్వాత వందేళ్ళకి నగరాలు పెరిగి, కంపెనీలు ఎక్కువై, ముందు ఎవరొచ్చారన్న పంతం ముదిరింది. ఇల్లు ఒకపక్క కాలుతుంటే నీళ్ళ కోసం రెండు కంపెనీలు నడివీధిలో కొట్టుకునేవట. విసిగిపోయిన సిన్సినాటి నగరం 1853 ఏప్రిల్ 1న జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంది. ఆవిరి ఇంజన్లు కూడా వచ్చేశాయి, చేత్తో పంపు కొట్టే వందమందితో పని లేకుండా పోయింది. అప్పట్నుంచి వాలంటీర్ అంటే సరదాకి వచ్చేవాడు, జీతం ఉన్నవాడు పనివాడు.

నాకు నవ్వొచ్చేది ఎక్కడంటే, మా ఊళ్ళో లెక్క దీనికి తలకిందులు. జీతగాడంటే ఏడాదికింత అని మాట్లాడుకుని ఆసామి ఇంట్లో పడి ఉండేవాడు. “వాడు జీతానికున్నాడు” అంటే అందులో గౌరవం వీసమెత్తు కూడా ఉండేది కాదు. అదే మాట సముద్రం దాటేసరికి అసలైనవాడు అయిపోయింది.

జీతాలవాళ్ళు మమ్మల్ని ఎట్టా చూస్తారో నాకు ఒక జనవరి రాత్రి బాగా తెలిసింది. పక్క నగరంలో వరసగా గోడకి గోడ ఆనించి కట్టిన ఇళ్ళు అంటుకున్నాయి. వాళ్ళ బండ్లు చాలక చుట్టుపక్కల ఊళ్ళని పిలిచారు. మేం దిగుతుంటే ఎవరో, “వచ్చారు, ఫోటోలు దిగడానికి” అన్నారు. హెల్మెట్లో కూడా వినపడింది. వాళ్ళ ఆఫీసరు నన్నొకసారి కిందినుంచి పైకి చూసి, “పైపు మెలికలు తియ్యి” అన్నాడు.

అది చిన్న పనేం కాదు, చేసేవాడికి తెలుస్తుంది. పైపు ఎక్కడ మడత పడితే అక్కడ నీళ్ళు సగానికి పడిపోతాయి, లోపల గొట్టం పట్టుకున్నవాడి ప్రాణం ఆ మడత మీద ఉంటుంది. ఆయిలింజన్ పెట్టి చేనుకి నీళ్ళు కట్టిన ఇంట్లో పుట్టినవాణ్ణి, మెలికలు తియ్యడం నాకొకరు నేర్పాలా? ఆ ధీమాతోనే పైపు చుట్ట మధ్యలో నిలబడి మెలిక తీశాను. సరిగ్గా అప్పుడే నీళ్ళొదిలారు. చుట్ట బిగుసుకుని లేచి నా కాళ్ళని లాగేసింది. మంచు మీద వెల్లకిలా పడబోతుంటే, ఫోటోల మాట అన్న మనిషే నా కోటు కాలరు పట్టి బయటికి గుంజాడు.

“వంపు లోపల నిలబడకూడదని ఎవరూ చెప్పలేదా నీకు?”

చెప్పారు. చెప్పింది వాళ్ళ నగరంలోనే పనిచేసి రిటైరైన కెప్టెన్. ఆరు నెలలు వారానికి రెండు రాత్రులు, శనివారాలు పోయి ఆయన దగ్గర నేర్చుకున్నాను. కోటు, బూట్లు, గాలి సిలిండరు కలిపి ఇరవై కిలోల పైన మోస్తూ, మన చెయ్యి మనకి కనపడని పొగలో గోడ తడుముకుంటూ పాకాం. చివర్న రాసే ‘ఫైర్‌ఫైటర్ వన్’ అనే అర్హత పరీక్ష జీతానికైనా, ఊరికినే అయినా ఒకటే. కానీ పరీక్ష వేరు, అలవాటు వేరు. మాకు నెలలో వచ్చేన్ని కాల్స్ వాళ్ళకి ఒక్క షిఫ్టులో వస్తాయి. ఆ మనిషి చెయ్యి నా కాలరు మీదికి ఆలోచించి రాలేదు, దానంతటదే వచ్చింది. నా కాళ్ళకి ఆ పాటి తెలివి ఇంకా రాలేదు.

ఈ తేడాని రూలు పుస్తకాలు కూడా ఒప్పుకున్నాయి. జీతాలవాళ్ళు గంట మోగిన 80 సెకన్లలో తయారై, మొదటి బండి నాలుగు నిమిషాల ప్రయాణంలో చేరాలి. మాలాంటి శివారు ఊళ్ళకి పదిమంది పది నిమిషాల్లో చేరితే చాలు, అది కూడా పదిసార్లలో ఎనిమిదిసార్లు. వాళ్ళు స్టేషన్లోనే పడుకుంటారు. మేం ఇంట్లో అన్నం ప్లేటు వదిలి, కారు తీసి, స్టేషన్‌కి పోయి, బండెక్కాలి. మా కార్లకి నీలం లైటు పెట్టుకోనిస్తారు గానీ అది దారిమ్మని బతిమాలుకోవడానికే, ఎర్రలైటు పడితే ఆగాల్సిందే. మాలో ఒక కుర్రాడు నీలం లైట్లు మూడు పెట్టాడు, కారు వెనకంతా స్టిక్కర్లు, ఒంటిమీద ఎప్పుడూ ఫైర్ టీషర్టే. ట్రైనింగ్ రాత్రులు మాత్రం కనపడడు. ఫోటోల మాట ఊరికే పుట్టలేదు.

విచిత్రమేమంటే ఆ నగరంలో జీతానికి చేసేవాళ్ళు కొందరు సెలవు రోజున వాళ్ళ సొంత ఊళ్ళో వాలంటీర్లే. వాళ్ళ యూనియన్‌కి అది గిట్టదు. ఊరికే చేసేవాడుంటే జీతమిచ్చి ఎవరు పెట్టుకుంటారన్నది వాళ్ళ వాదం, అందులోనూ అబద్ధం లేదు. అందుకని ఆ సంగతి గట్టిగా చెప్పుకోరు.

ఆ పరీక్ష కాక ఇద్దర్నీ ఒకే గాటన కట్టిన చోటు నాకు తెలిసి ఇంకొకటే ఉంది. పనిమీద ఉండి చనిపోతే ఫెడరల్ ప్రభుత్వం కుటుంబానికిచ్చే పరిహారం. 1976 నాటి చట్టం అది. జీతగాడైనా వాలంటీరైనా డబ్బు ఒకటే. ఫారం నింపిన రాత్రి నా భార్య ఆ కాగితం రెండుసార్లు చదివి, “బతికున్నప్పుడు లేని సమానం ఎందుకు మనకి?” అని ఫ్రిజ్ మీద పెట్టేసింది.

ఇదంతా పంచలో కూర్చుని పిన్నికి చెప్పలేక నీళ్ళు నములుతుంటే, మూల మంచంలోంచి నాయన అందుకున్నాడు. “బదులే మే అది. మనం వాళ్ళ చేలో నాటుకి పోతే, వాళ్ళు మన చేలోకి రావడంలా? అట్టాంటిదే.”

పిన్ని, “ఓహో బదులా” అని లేచి కాఫీ పెట్టడానికి పోయింది. నాలుగేళ్ళుగా నాకు దొరకని మాట అది.

రెండు రోజులకి, పొద్దుగూకేటప్పుడు, “బ్యారన్ అంటుకుంది” అని కేక. మా చిన్నాయనది. బ్యారన్ అంటే పచ్చి పొగాకుని వేడికి ఆరబెట్టే కొట్టు. అది పొగాకు కాల్చే కాలం. నాలుగో రోజు మంట మీదుంది, ఆకు గలగలమనేలా ఎండి ఉంది. కర్రకి కట్టిన ఆకు ఒకటి జారి వేడి గొట్టం మీద పడితే చాలు. నేను పోయేసరికి జనం బిందెలతో, బోరు పైపుతో ఉన్నారు. ఒక కుర్రాడు ఆకు బయటికి లాగుదామని తలుపు గడియ మీద చెయ్యేశాడు. ‘వద్దు’ అనబోయాను.

“తలుపు ముట్టుకోబాకండి!”

నలభై ఏళ్ళుగా బ్యారన్లు కాలుస్తున్న తాత. చిన్నప్పుడు మమ్మల్ని పొయ్యి దగ్గరికి రానిచ్చేవాడు కాదు. అప్పటికే పొయ్యిలో మొద్దులు బయటికి లాగేశాడు, కింద కిటికీలు మూసి తడి గోతాలు కుక్కుతున్నాడు. “తలుపు తీస్తే గాలి పోయి బుగ్గున లేచిద్ది. ఇది ఎటూ పోయిద్ది. నీళ్ళు పక్క బ్యారన్ మీద కొట్టండి, అదన్నా మిగిలిద్ది.” న్యూజెర్సీలో గాలి దారి మూయడం, పక్క ఇంటిని కాపాడటం మీద మాకు రెండు రాత్రులు బొమ్మలేసి పాఠం చెప్పారు. తాత గోతాం కుక్కుతూ చెప్పేశాడు. నేను పోయి ఇంకో గోతాం తడిపాను.

అరగంటకి టౌను నుంచి ఫైరింజన్ వచ్చింది. ఆ సందుల్లో, పెళ్ళి పందిళ్ళ మధ్య, అది తొందరగా వచ్చినట్టే. జనం మాత్రం, “అంతా అయినాక వచ్చారయ్యా, జీతాలు తీసుకుంటా” అని గొణిగారు. జీతం లేకపోతే అక్కడ చులకన, ఉంటే ఇక్కడ నింద. పైపు పరిచారు. గేటు దగ్గర మెలిక పడింది. నా కాళ్ళు వాటంతటవే అటు పోయాయి. ఈసారి చుట్ట బయటే నిలబడ్డాను. వంగబోతుంటే ఖాకీ చొక్కా ఆయన గట్టిగా, “పక్కకి రండి సార్, వీడియోలు తర్వాత తీసుకుందురు” అన్నాడు. నా చేతిలో ఫోనుంది మరి, తాతకి టార్చి వేస్తున్నాను. పక్కకొచ్చి నిలబడ్డాను. ఆయనే వంగి మెలిక తీశాడు, చక్కగా తీశాడు.

పక్క బ్యారన్ మిగిలింది. చేతులు కడుక్కుని మా ఇంట్లో మజ్జిగ తాగుతుంటే, పిన్ని ఆయనతో, “మావాడు కూడా ఫైరోడేనయ్యా, అమెరికాలో” అంది. ఆయన గ్లాసు దించి నావైపు తిరిగాడు. “అవునా సార్? అక్కడ జీతం ఎంతుంటది?”

నేను నోరు తెరిచేలోగా పిన్నే, “జీతమేంది, బదులుకి పోతాడు” అంది.

ఆ తెల్లారుజామున 4 గంటల 10 నిమిషాలకి ఫోన్లో మా స్టేషన్ యాప్ కూత పెట్టింది. సెలవులో ఉన్నా ఆపడం మర్చిపోయాను. అక్కడ సాయంత్రం 5.40, అందరూ ఆఫీసుల నుంచి రోడ్ల మీద ఉండే వేళ. ఇంట్లో మంటలు, మాకు రెండు వీధుల అవతల. అమ్మ లేచి కూర్చుంది.

“ఎవురిల్లు?”

“తెలీదమ్మా.”

“ఎంతమంది పోతున్నారు?”

వస్తున్నామని నొక్కినవాళ్ళ పేర్లు తెరమీద ఒక్కొక్కటే పడుతున్నాయి. ప్లంబరు. బస్సామె. మూడో పేరు ఇంకా రాలేదు. నలుగురు లేనిదే మా బండి కదలకూడదు.

“ఇద్దరు.”

“ఇద్దరేనా?” అని అమ్మ నా పక్కనొచ్చి కూర్చుని, కళ్ళజోడు లేకుండానే ఆ తెర వైపు చూస్తూ ఉంది. కాసేపటికి మూడో పేరు పడింది. మూడు నీలం లైట్ల కుర్రాడు.