గుణించారా, లేదా?

"మట్టి చూడటానికి నేను సెలవు పెట్టాలా నాన్నా?" అని నవ్వింది కానీ, పెట్టింది మా అమ్మాయి. నెదర్లాండ్స్‌లో వాళ్ళుండే ఉట్రెక్ట్ నుంచి వాగెనింగెన్‌కు నేరుగా రైలు లేదు. ఎడె-వాగెనింగెన్ స్టేషన్‌లో దిగి బస్సెక్కాలి. శ్రీకాకుళం రోడ్‌లో దిగితే ఆముదాలవలస వచ్చినట్టన్నమాట. ఆ పోలిక చెప్తే అమ్మాయికి అర్థం కాలేదు, నేనొక్కడినే నవ్వుకున్నాను.

ముప్పై ఏళ్ళు భూసార పరీక్షా కేంద్రంలో పనిచేసినవాడికి ఆ ఊరు తీర్థం లాంటిది. అక్కడి విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఐస్రిక్ అనే సంస్థ ఉంది. 1966లో అంతర్జాతీయ మృత్తికా మ్యూజియంగా మొదలైంది. దేశదేశాల నేలలను నిలువునా కోసి, విడిపోకుండా గట్టిపరచి, పలకలకు బిగించి దాచారు. అలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. గోడ పొడవునా నిలబెట్టినవి వాటిలో కొన్నే.

మొదట ఇసుక నేల ముందు ఆగాను. పైన నల్లటి పొర, దాని కింద బూడిద చల్లినట్టు తెల్లటి పట్టీ, ఆ కింద తుప్పు రంగు. మన వైపు ఇలాంటిది ఎక్కడా చూడలేదు. నాలుగడుగులు వేస్తే నల్లరేగడి కనబడింది. ఏ దేశానిదైతేనేం, ఆ పగుళ్ళు, ఒకదానితో ఒకటి రాసుకుని నిగనిగలాడే ఆ పెళ్ళలు చూడగానే గుర్తుపట్టాను. చెయ్యి పెట్టబోతే అమ్మాయి మణికట్టు పట్టుకుంది.

కంటికి ఒకే జాతిగా కనబడే నేలలు కాగితం మీదికి వచ్చేసరికి ఎందుకు విడిపోతాయో అక్కడే కాసేపు నిలబడి అమ్మాయికి చెప్పాను. 0.03 మిల్లీమీటర్ల రేణువును తీసుకో. మన ప్రయోగశాలలు చాలావరకు వాడే అంతర్జాతీయ పద్ధతిలో ఇసుక 0.02 దగ్గరే మొదలవుతుంది కాబట్టి అది సన్న ఇసుక. అమెరికా పద్ధతిలో గీత 0.05 దగ్గర, ఐరోపాలో ఎక్కువ చోట్ల 0.063 దగ్గర ఉంటుంది. అక్కడ అదే రేణువు ఒండ్రు. రేణువు ఎక్కడికీ కదల్లేదు, గీతే జరిగింది. లోతు సంగతీ అంతే. మనం వి ఆకారంలో గుంట తీసి 15 సెంటీమీటర్ల వరకు నమూనా తీస్తాం. లూకాస్ పేరుతో 2009లో ఐరోపా సంఘం మొదలుపెట్టిన మట్టి సర్వేలో 20 సెంటీమీటర్లు. కర్బన నిల్వల లెక్కలకు 30 అడుగుతారు. సేంద్రియ కర్బనం పైపొరలోనే ఎక్కువ కాబట్టి, లోతుకు తవ్విన కొద్దీ ఆ శాతం పడిపోతుంది. ఆ మాట మరిచి రెండు దేశాల పట్టికలు పక్కపక్కన పెడితే, ఒకరి నేల ఊరికే పేదదైపోతుంది.

లూకాస్ వాళ్ళు దీనికి ఖరీదైన విరుగుడే వేశారు. దాదాపు 20,000 చోట్ల ఒకే తీరులో మట్టి తీశారు. నడిమధ్యన ఒకటి, నాలుగు దిక్కులా రెండేసి మీటర్ల దూరంలో నాలుగు, అయిదింటినీ కలిపి ఒక నమూనా. అన్నింటినీ ఒకే ప్రయోగశాలకు పంపారు. అయితే దేశాలకు ఎవరి పాత లెక్కలు వారికున్నాయి, పాతికేళ్ళ వరుసను ఎవరు పారేసుకుంటారు? అందుకే 2025లో ఆమోదించిన ఐరోపా నేల పర్యవేక్షణ చట్టం సొంత పద్ధతినీ ఉంచుకోనిచ్చింది. కాకపోతే ఆ అంకెను ప్రామాణిక అంకెగా మార్చే సూత్రం నిరూపించి చూపాలి. కొన్ని నమూనాలను రెండు పద్ధతుల్లోనూ పరీక్షించి ఆ సూత్రం కడతారు. ఎర్రనేలల మీద కట్టిన సూత్రం నల్లరేగడికి పనికిరాదు. నన్నడిగితే, సూత్రం కన్నా పాత మట్టిని సీసాలో దాచుకోవడమే మేలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ పరీక్షించవచ్చు. మేం మాత్రం రైతుకు భూసార ఫలితాల కార్డు ఇవ్వగానే మిగిలిన మట్టిని పెరట్లో పోసేవాళ్ళం.

ఇదంతా ఎందుకు గుచ్చుకుందంటే, ఒకసారి ఒక రైతు రెండు కార్డులు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఒకే పొలం, ఒకే సంచిలోంచి రెండు కేంద్రాలకు ఇచ్చిన మట్టి. ఒకదాంట్లో సేంద్రియ కర్బనం 0.42 శాతం, ‘తక్కువ’. రెండోదాంట్లో 0.55, ‘మధ్యస్థం’. "ఏది నిజం సార్?" అన్నాడు. డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, ఊదారంగు పచ్చగా మారేదాకా మరో ద్రావణాన్ని బొట్టుబొట్టుగా వదిలే మా కర్బన పరీక్ష కర్బనాన్ని పూర్తిగా కాల్చదు. సగటున నూటికి 77 వంతులే పట్టుకుంటుంది. అందుకని కొందరు 1.3తో గుణిస్తారు, కొందరు గుణించరు. 0.42ను 1.3తో గుణిస్తే 0.55. రెండూ నిజమే. గుణించారో లేదో ఏ కార్డు మీదా లేదు. ఆ రోజు రైతుకు "మా కార్డు నమ్ము" అని పంపేశాను.

ఐస్రిక్ వాళ్ళు దేశదేశాల నుంచి పోగుచేసే సమాచారంలో అంకెతో పాటు అది ఏ పద్ధతిలో వచ్చిందో కూడా రాసి ఉంచుతారు. గోడ మీది వాటి కన్నా నాకు ఆ సంగతే ముద్దొచ్చింది.

తిరుగు బస్సులో ఉండబట్టలేక, ఇంకా సర్వీసులో ఉన్న మిత్రుడికి ఫోను చేశాను. అక్కడ రాత్రి ఎనిమిదయింది.

"మన కేంద్రంలో కర్బనాన్ని 1.3తో గుణిస్తున్నారా?"

"మీరున్నప్పుడు గుణించేవాళ్ళం కదా సార్."

"ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు. మానేశాం."

"ఎప్పటి నుంచి?"

అవతల కుర్చీ జరిపిన చప్పుడు, బీరువా తలుపు తీసిన చప్పుడు. చాలాసేపు కాగితాలు తిరగేశాడు. "రేపు చూసి చెప్తాను సార్" అన్నాడు.