మామూలు లాప్‌టాప్‌లో ఆటలు

హనుమకొండలో మా తమ్ముడు ఇంజనీరింగ్ చదువు కోసం కొనుక్కున్న లాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. అయినా రేపటి ఆటలకు ఇలాంటి యంత్రాలే ఆధారమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, అది లాప్‌టాప్ ప్రధాన మెమరీ అయిన ర్యామ్‌నే పంచుకుంటుంది కాబట్టి, ఒక్కటే ఉన్న 8 జీబీ ర్యామ్‌కు తోడుగా మరొకటి వేయించగానే, అంతవరకు ప్రతి మలుపులోనూ ఆగి ఆగి కదిలిన కారు పందెం సాఫీగా సాగింది. విండోస్ ఆటలను లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడిపే ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఆటల సంస్థ వాల్వ్ 2018లోనే విడుదల చేసింది. విండోస్ ఆటలను మ్యాక్‌కు తెచ్చేందుకు తోడ్పడే గేమ్ పోర్టింగ్ టూల్‌కిట్‌ను ఆపిల్ 2023లో ఇచ్చింది గానీ, అది ముఖ్యంగా ఆటలు తయారుచేసేవారి కోసం ఉద్దేశించినది. నన్ను నిజంగా కలవరపెట్టేది వేడి: వరంగల్ మే నెల ఎండల్లో పలుచని లాప్‌టాప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు ఎంత మంచి ప్రాసెసరైనా నెమ్మదిస్తుంది. తయారీదారులు సన్నదనం కన్నా గాలి ఆడే తీరుపై ముందు దృష్టి పెట్టాలి.