అది సాంబ్రాణి కాదమ్మా

ఒమన్‌లోని సలాలాలో పనిచేసే మా బావ పోయినసారి సెలవులకి వచ్చినప్పుడు ఒక చిన్న ప్యాకెట్ చేతిలో పెట్టి "లుబాన్ రా, అక్కడ ఇంటింటా ధూపం వేస్తారు" అన్నాడు. విప్పితే లేత ఆకుపచ్చ పలుకులు. అమ్మ ఒకసారి చూసి "సాంబ్రాణే కదా, దీనికి ఒమన్ దాకా పోవాలా" అనేసింది.

నిప్పుల మీద వేశాక తెలిసింది తేడా. మన సాంబ్రాణి తియ్యగా ఉంటుంది, అది సుమత్రా వైపు స్టైరాక్స్ చెట్ల బంక. ఈ లుబానేమో ఒమన్‌లోని ధోఫార్ ప్రాంతపు ఎండు నేలల్లో పెరిగే బోస్వెల్లియా సాక్రా చెట్టుది, బెరడు గీస్తే పాలలా కారి, గాలికి గట్టిపడుతుంది. ముందు నిమ్మతొక్క గిల్లినట్టు వచ్చి, ఆ తర్వాత మిరియం ఘాటు. అమ్మనీ తప్పు పట్టలేం, ఎందుకంటే అరబ్బులు కూడా సాంబ్రాణిని 'లుబాన్ జావీ' అనే అన్నారు (సుమత్రాని జావా అనేవాళ్లు), ఆ మాటే నలిగి నలిగి బెంజోయిన్ అయింది. లుబాన్‌ చెట్టుకి అసలు చుట్టం మన అడవుల్లోని అందుగ చెట్టు, అదీ బోస్వెల్లియానే.

నాకు అత్తర్లు కలిపే పిచ్చి ఉంది కదా, వెంటనే లుబాన్ నూనె కూడా తెప్పించాను. నిరాశే. ఆవిరి పట్టి తీసిన నూనెలో ఎక్కువగా ఆల్ఫా-పైనీన్ లాంటి తేలిక సరుకే ఉంటుంది కాబట్టి, కాగితం మీద కాసేపు దేవదారు చెట్టులా గుబాళించి మాయమైపోయింది. (మోకాళ్ల నొప్పికి ఈ బంకలో ఉండే బోస్వెల్లిక్ ఆమ్లాలంటూ ఇదే నూనెని అమ్ముతారు చూడండి, ఆ ఆమ్లాలు బరువైనవి, ఆవిరితో దాదాపు రావు!) చర్చిలో అడుగుపెట్టగానే తగిలే ఆ పాతకాలపు, నిలిచి ఉండే లుబాన్ వాసనకి కారణం ఒలిబానిక్ ఆమ్లాలని 2016లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు తేల్చారు, అవి నూనెలో ఉండేది రవ్వంతే.

అందుకే పలుకుల్నే ఆల్కహాల్‌లో నానబెట్టాను. మొదట మిక్సీలో వేసి జార్ పాడుచేసుకున్నాను, వేడికి మొత్తం బ్లేడుకి అతుక్కుపోయింది. ఫ్రీజర్‌లో పెట్టి రోట్లో దంచాలట, ఆ సంగతి తర్వాత తెలిసింది. నెల తర్వాత కరగని జిగురు తెల్లగా అడుగున పేరుకుంది, పైది వడకట్టి గంధం అత్తరులో కలిపితే చేతిరుమాలుకి మర్నాటిదాకా పట్టుంది.

ఇంకోసారి చేద్దామని ప్యాకెట్ వెతికితే లేదు. శుక్రవారం ధూపంలో అయిపోయిందట.