చల్లగున్న బండి

“నీ సొంత పైసలైతే బండి చూసుడు ఇంత జల్దిగ అయిపోతుండెనా?”

హిందీలో అడిగిండు చాచా. నాకు మాత్రం పొలం గట్టు మీదికెల్లి మా బాపు అడిగినట్టే వినపడ్డది. అప్పటికి నేను బండి చూసుడు ముగించి, చేతులు తుడుచుకుని, మా అర్బాబ్‌కు, అంటే మా ఓనర్‌కు, “బాగుంది” అని మెసేజ్ పెడదామని ఫోన్ తీసిన.

షార్జాల సజ్జా దిక్కు పాత మిషన్లు అమ్మే యార్డులు ఉంటయి. అందులో ఒకదాంట్ల చైన్ లోడర్ ఉందట, పోయి చూసి రమ్మని మా అర్బాబ్ నన్ను పంపిండు. మన దిక్కు ఈ బండ్లు తక్కువ. డోజర్ లెక్క కింద చైను, ముంగట పెద్ద బకెట్. నేను పొద్దున ఏడు కాకముందే పోయిన. అమ్మెటోడు ముందే స్టార్ట్ చేసి వేడి చేసి పెడితే ఇంజిన్ రోగాలు దాగిపోతయి కదా. సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి చూసిన, చల్లగనే ఉంది. సెల్ఫ్ కొట్టంగనే అందుకుంది. కొంచెం నీలం పొగ వచ్చి ఆగింది. ముందుకు మూడు గేర్లు, వెనుకకు మూడు గేర్లు నడిపిన. లివర్ వేసుడే ఆలస్యం, బండి కదిలింది. కింద లీకేజీ లేదు. చైను, రోలర్లు, స్ప్రాకెట్ పండ్లు చూసిన. ఇరవై నిమిషాలల్ల నా పరీక్ష ఖతం.

చాచా ఆ యార్డుల ఆపరేటర్. పాకిస్తాన్‌ల స్వాత్ దిక్కు పఠాన్, గడ్డం మొత్తం తెల్లబడ్డది. కొనేటోళ్ళకు బండి నడిపి చూపెట్టుడే ఆయన కొలువు. ఆ మనిషి నా ఫోన్ దిక్కు చూసి, “ఠండే మే సబ్ జవాన్ హోతే హై, బచ్చా” అన్నడు. చల్లగున్నప్పుడు అందరూ పడుచోళ్ళేనట.

ఇక్కడ నా తరఫున ఒక మాట చెప్పుకోనియ్యున్రి. నేను పని నేర్చింది కరీంనగర్‌ల, గ్రానైట్ క్వారీలల్ల తిరిగే పొక్లెయిన్ల మీద. పొక్లెయిన్‌కు ఇసొంటి గేర్‌బాక్స్ ఉండదు, పంపు ఆయిలు తోస్తే మోటర్ చైను తిప్పుతది. చైన్ లోడర్లల్ల గూడ క్యాటర్‌పిల్లర్ 953, 963 అసొంటివి అట్లనే, ఒక్కో చైనుకు ఒక పంపు, ఒక మోటర్. వాటిని చదును నేల మీద సక్కగ పోనిచ్చి, ఒక పక్కకు గుంజుతుందా అని చూస్తే సగం సంగతి తెలుస్తది. అది నాకు వచ్చు. ఈ బండి అంతకన్న పాత కాలపుది, 955 తీరు పవర్‌షిఫ్ట్. ఇంజిన్ వెనక దాని బలాన్ని ఆయిలుతోటి గేర్‌బాక్స్‌కు అందించే కన్వర్టర్, దాని వెనక క్లచ్ ప్లేట్ల గేర్‌బాక్స్. ఆ ప్లేట్లను ఒత్తి పట్టేది ఆయిలు ప్రెషరే.

ఇంజిన్‌ను చల్లగున్నప్పుడు చూడాలె, గేర్‌బాక్స్‌ను కాగినంక చూడాలె. నేను రెంటికీ ఒకటే లెక్క పట్టుకొని పోయిన. ఆయిలు చల్లగుంటే చిక్కగుంటది, అరిగిన సీళ్ళ సందులకెల్లి తప్పించుకోదు, ప్రెషర్ నిలుస్తది, ప్లేట్లు గట్టిగనే పడతయి. కాగి పలుచనైతే అప్పుడు బండారం బయటపడతది.

“ఎక్కు” అన్నడు చాచా. యార్డు మూలకు మట్టి కుప్ప ఉండె. గంటన్నర సేపు ఆ మట్టిని ఇటుదటు, అటుదిటు పోయించిండు. జూన్ ఆఖరు రోజులు. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నరకు ఎండల పని బంద్ చెయ్యాలె, మూడు దాకా ముట్టద్దు. తొమ్మిదిన్నరకే సీటు కాలుతుండె.

అప్పుడు దొరికింది. బకెట్ కుప్పకు ఆనిచ్చి ఫస్ట్ గేర్‌ల తోస్తే చైను ఉన్నకాడనే గిర్రున తిరిగింది. అది మంచి గుర్తే. అటు చైనన్న తిరగాలె, ఇటు ఇంజిన్ అన్న దమ్ము పడాలె. రివర్స్ వేసిన. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేదాక కదల్లేదు. వెనుకకు ర్యాంపు ఎక్కిస్తే ఇంజిన్ గోల పెడుతుంది, చైను మాత్రం కదలది. సెకండ్, థర్డ్ గూడ అంతే. ముందుకు మాత్రం మూడు గేర్లూ బాగున్నయి. ఒక్క సెకండ్ గేరే రెండు దిక్కులా జారితే సెకండ్ ప్లేట్లు అనుకోవచ్చు. ముందుకూ వెనుకకూ అన్నీ జారితే పంపో కన్వర్టరో. మూడు గేర్లల్ల ఒక్క రివర్సే జారుతుందంటే రివర్స్ ప్లేట్లు పోయినట్టే. లోడర్ బతుకే కుప్ప కాడికి పోవుడు, వెనుకకు వచ్చుడు. సగం పని రివర్సే.

ఇంకోటి గూడ చేయించిండు. రెండు బ్రేకులు తొక్కి పట్టి, థర్డ్ గేర్‌ల ఫుల్ రేస్ ఇచ్చి ఇంజిన్ ఎంత తిరుగుతుందో మీటర్‌ల చూడుమన్నడు. అర నిమిషం దాటనియ్యలేదు, మధ్యల న్యూట్రల్ చేసి చల్లారనిచ్చిండు. లేకుంటే ఆయిలు మాడుతది. పుస్తకంల ఉన్న లెక్క కన్న ఎక్కువ తిరిగితే ప్లేట్లు జారుతున్నయి, తక్కువ తిరిగితే ఇంజిన్‌కే బలం లేదు.

నేను గేజ్ కర్ర తీసి ఆయిలు రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసిన. మాడిన వాసన. అంత కాగినా జిగట పోలేదు. ఆయిలు నంబర్ ఎంత పెద్దగుంటే అంత చిక్కగుంటది, అరుగుదలను అంత దాస్తది.

“30 నంబర్ పొయ్యాల్సిన కాడ 50 నంబర్ లెక్కుంది చాచా.”

“50 నంబరే. పోసింది నేనే.”

ఇంజిన్ బంద్ చేసి, దిగి, నీళ్ళు తాగుతందుకు పోయిండు.

యార్డు లెక్కలు చూసే మున్షీని అడిగిన, గేర్‌బాక్స్ ఆయిలు జాలి విప్పి చూపెట్టుమని. అయస్కాంతానికి బూడిద రంగు జిడ్డు ఉంటే అది మామూలు అరుగుదలే, జాలిల పసుపుపచ్చగ మెరిసే రజను ఉంటే ప్లేట్లదో బుష్షులదో, తెల్లటి అల్యూమినియం ఉంటే కన్వర్టర్‌ది. “కొన్నంక విప్పుకో” అన్నడు. అర్బాబ్‌కు ఫోన్ చేసి చెప్పిన. “ఖల్లివల్లి (పోనీ తియ్), వచ్చెయ్” అన్నడు. ఆయనకు అది రెండు నిమిషాల ముచ్చట.

నాకు మాత్రం రాత్రి రూంల నిద్ర పట్టలేదు. చాచా ఎందుకు చెప్పిండు? ఆ బండి అమ్ముడుపోతే ఆయనకు పోయేది లేదు, పోకుంటే వచ్చేది లేదు. మున్షీ చెవిన పడితే మాత్రం కొలువు పోతది. ఈ దేశంల కొలువు పోవుడంటే ఏందో చదివే వాళ్ళల్ల సగం మందికి తెలుసు.

కరీంనగర్‌ల నేను హెల్పర్‌గ ఉన్నప్పుడు మా మేస్త్రీ చెప్తే ఒక పాత లారీ గేర్‌బాక్స్‌ల చిక్కటి ఆయిలు పోసిన. కొన్నాయన జమ్మికుంట దిక్కు రైతు, పెండ్లాం పుస్తెలతాడు కుదువ పెట్టి వచ్చిండని తర్వాత తెలిసింది. ఆయన నా ముంగట్నే లారీ చుట్టూ తిరిగి, టైర్లను కాలితోటి తన్ని చూసి, కొబ్బరికాయ కొట్టిండు. నేను ఆ కొబ్బరి తిన్న. చెప్పలేదు. అంటే మనోళ్ళు మోసగాళ్ళు, పఠాన్లు సత్తె హరిశ్చంద్రులు అని కాదు. పోసుడైతే చాచా గూడ పోసిండు గదా. నాకు అప్పుడు పంతొమ్మిదేండ్లు, మేస్త్రీకి ఎదురు చెప్పే వయసు కాదు. ఇట్ల నాకు నేనే చెప్పుకుంట పొద్దుగాలైంది.

మళ్ల బాపు గుర్తొచ్చిండు. అంగట్ల ఎద్దును కొనాలంటే పండ్లు చూసి, సుడులు చూసి ఊకునేటోడు కాదు. నాగలి కట్టి, మిట్టమధ్యాహ్నం దాకా సాలు దున్నిచ్చి, నురుగు వచ్చినంక అడుగు చూసేటోడు. అమ్మెటోడు తిట్టినా వినకపోతుండె. అది చూస్తనే పెరిగిన నేను సజ్జాకు పోయి ఇరవై నిమిషాలల్ల చేతులు తుడుచుకున్న.

పోయిన శుక్రవారం తమ్ముడు ఫోన్ చేసిండు. సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ చూసిండట.

“తమ్మీ, పొద్దున పోకు. నాగలి తగిలిచ్చి రెండు గంటలు దున్నిచ్చి, కాగినంక చూడు” అన్న.

“మేనమామ వియ్యంకులదే అన్నా ట్రాక్టర్. చాయ్ పోసి కూసోవెట్టిన్రు. అట్ల దున్నిచ్చి చూస్తే ఏం బాగుంటది?”

“పైసలు ఎవరియి?” అని అడగబోయి ఆగిన. పైసలు నావే. అది వాడికీ తెలుసు.