చంద్రగిరి కోట పక్కన పాత మిద్దె మరమ్మతు: అనుమతి తెచ్చుకున్న విధం

కోట దగ్గర ఇల్లున్నవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది దూరం. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 1958 నాటి పురాతన కట్టడాల రక్షణ చట్టాన్ని 2010లో సవరించాక ఇది అన్ని కేంద్ర రక్షిత కట్టడాలకూ వర్తిస్తుంది. గుడిమల్లం గుడి చుట్టూ ఉన్న ఇళ్లకూ ఇదే లెక్క. చంద్రగిరిలో చాలామంది కోటలోని రాజమహల్ గోడ నుంచి టేపు పట్టి "మాది దూరమే" అనుకుంటారు. కొలవాల్సింది మహల్ గోడ నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి. మా మిద్దె 100 మీటర్ల లోపలే పడింది.

లోపల పడితే కొత్త కట్టడం ఏదీ కుదరదు. మేడమీద గది, పక్కకు వరండా, మరుగుదొడ్డి కోసం నాలుగు అడుగుల పెంపు, అన్నీ కొత్త కట్టడం కిందికే వస్తాయి. పడగొట్టి అవే కొలతల్లో మళ్లీ కట్టుకోవడం కూడా కుదరదు. అది ఆపైనున్న 200 మీటర్ల నియంత్రిత ప్రాంతంలోనే కుదురుతుంది, అదీ అనుమతితోనే. నిషిద్ధ ప్రాంతంలో మిగిలేది మరమ్మతు, నవీకరణ మాత్రమే. దానికీ ఇల్లు 1992 జూన్ 16కి ముందే ఉండాలి, లేదా తర్వాత సరైన అనుమతితో కట్టినదై ఉండాలి. ఇవేవీ లెక్కచేయకుండా కడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

అసలు తిప్పలన్నీ ఆ తేదీ దగ్గరే. పాత దస్తావేజులో చాలాసార్లు "స్థలము" అని మాత్రమే ఉంటుంది, ఇంటి ఊసే ఉండదు. అప్పుడు ఆదుకునేవి 1992కి ముందటి ఇంటి పన్ను రశీదులు, కరెంటు సర్వీసు ఇచ్చిన తేదీ. డోర్ నంబరు మధ్యలో మారి ఉంటే పాతదీ కొత్తదీ ఒకే ఇల్లని పంచాయతీ నుంచి రాయించుకోవాలి, లేకపోతే రశీదు ఉన్నా పనికిరాదు. ఆస్తి ఇంకా తాత పేరుమీదే ఉంటే వారసత్వ కాగితాలు ముందు సర్దుకోవాలి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. కాగితాలతో పాటు ఉపగ్రహ చిత్రంమీద దూరం గుర్తించి, నాలుగు వైపుల ఫొటోలు, ఉన్న ఇంటి ప్లాను, చేయబోయే పని ప్లాను విడివిడిగా పెట్టాం. రెండు ప్లాన్లలో పొడవు, వెడల్పు, ఎత్తు అంకెలు ఒక్కటే ఉండాలి. ఎత్తంటే కప్పు దాకా అని ఇంజినీరు రాసిస్తాడు, అది చాలదు. పిట్టగోడ, మెట్లగది, నీళ్ల ట్యాంకు అన్నీ కలిపి చూపించాలి. "పైకప్పు మార్పు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ప్రశ్నలు తిరిగొస్తాయి. ఏ గదిలో ఎన్ని దంతెలు (కప్పును మోసే కర్రలు) తీసి అదే కొలతవి వేస్తున్నామో రాయడం మేలు. ఫొటోలు పని ముట్టుకోకముందువే కావాలి.

గడువులు చట్టంలోనే ఉన్నాయి: దరఖాస్తు అందుకున్న అధికారి 15 రోజుల్లో జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థకు పంపాలి, వాళ్లు రెండు నెలల్లో సిఫారసు చెప్పాలి, ఆపైన నెలలో నిర్ణయం మనకు తెలపాలి. అంటే మూడున్నర నెలలు. మనవైపు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో గనుక సంక్రాంతి దాటగానే దరఖాస్తు పడితే ఎండల్లో కప్పు విప్పుకోవచ్చు. ఇంకో మాట, ఇలా వచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) భవన అనుమతి కాదు. పంచాయతీలో, తుడాలో (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థలో) ఏం కావాలో అది వేరే.

పని మొదలవగానే మేస్త్రి పాట ఒకటే: "దంతెలన్నీ పీకేసి స్లాబు ఏసేస్తే మీకు మల్లా గోలుండదు సార్." స్లాబు వేస్తే అది మరమ్మతని ఒప్పించడం కష్టం. పైగా ఎండకు కాంక్రీటు సాగి సున్నపు గోడ తలమీద జరుగుతుంది, ఆ అతుకు దగ్గరే బీట. దంతెలు కూడా అన్నీ పోవు. పిట్టగోడ మూల నుంచి నీళ్లు దిగి గోడలో కూర్చున్న కొనలే పుచ్చుతాయి. కింద సరుగుడు కర్రలు నిలబెట్టి ఒక్కోటి మార్చాలి, కొన చుట్టూ గాలి ఆడేలా సందు వదలాలి.

మిద్దె ఇటుక 6×3×1 అంగుళాలది. నానబెట్టి, దంతెలమీద ఐమూలగా, అంచుమీద నిలబెట్టి పేర్చాలి. దానిపై ఇటుకముక్కల సున్నం కాంక్రీటు నాలుగు అంగుళాలు పోసి, చెక్క బాదులతో మూడు అంగుళాలకు దిగేదాకా కొట్టాలి. ఈ కొట్టుడు దగ్గరే కూలీలు తప్పించుకోచూస్తారు, పక్కన మనిషి ఉండాల్సిందే. గోడలకూ సిమెంటు పూత వద్దు. తేమ బయటికి పోక ఉప్పు పొంగి సున్నం పెళ్లలుగా రాలుతుంది. అనుమతి కాగితం నకలు ఒకటి మేస్త్రి దగ్గర, ఒకటి ఇంటి గుమ్మం దగ్గర ఉంచితే, తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించడానికి యజమాని కోసం పరిగెత్తే పని ఉండదు.