చెంబు మూతి వంకర పోయింది

పర్లాకిమిడిలో మా వీధరుగు మీద పొద్దుటెండ పడే చోట అమ్మమ్మ ఇత్తడి చెంబు, పక్కన రెండు జీడిమామిడి పళ్ళు పెట్టి బొమ్మ గీశా, కాగితం మీద బాగానే వచ్చింది, తంటా అంతా దాన్ని కాన్వాస్ మీదకి ఎక్కించడంలోనే. కిందటిసారి బిల్లు పుస్తకాల్లో పెట్టే నీలం కార్బన్ పేపర్ వాడా, దానికి మైనం ఉంటుంది కదా, గీత చెరగదు, పైన లేత పసుపేస్తే నీలం తేలిపోయింది.

ఈసారి కాగితం వెనకాల 6బీ అనే మెత్తటి నల్ల పెన్సిల్ అడ్డంగా రుద్ది, ఎక్కువైన పొడి దూదితో తుడిచి, టేపు అంటించి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో దిద్దా. కాన్వాస్ కింద అట్ట పుస్తకం పెట్టాలండోయ్, లేకపోతే గుడ్డ లోపలికి దిగి మూతి వంకర పోద్ది, నాకు పోయింది. సైజు పెంచాలంటే మాత్రం రెండింటి మీదా గళ్ళు గీసి గడి గడికీ చూసి వెయ్యడమే, కాగితం మీద గడి 2 సెం.మీ. అయితే కాన్వాస్ మీద 4.

ఇత్తడంటే పసుపు అనుకుంటాం గానీ సగం బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగే, పండు దగ్గరున్న వైపు చెంబు పొట్ట మీద ఎర్రటి మరక కూడా ఉంటుంది. తెల్ల మెరుపు చుక్క ఆఖర్న.

"ఏటే, నా చెంబు ఎప్పుడిస్తావు?" అని అమ్మమ్మ. ఈలోగా ఒక పండు మా తమ్ముడు తినేశాడు.