రొయ్యల పట్టుబడి రోజు వచ్చి పడ్డ మూడోవాడు

భీమవరం వైపు రొయ్యలు కొనే మా బావకి ఈసారి గట్టి దెబ్బే తగిలింది. రైతుకి అడ్వాన్స్ ఇచ్చాడు, నలభై కౌంట్‌కి (కిలోకి నలభై తూగే సైజుకి) రేటు మాట్లాడుకుని స్టాంపు పేపరు మీద సంతకాలు కూడా పెట్టుకున్నారు, తీరా ఐస్ వేసుకుని వ్యాను చెరువు గట్టు ఎక్కేసరికి లోపల వల లాగుతున్నది వేరేవాళ్లు, కాటా కూడా వాళ్లదే. "ఆ పేపరు సంగతి నేను చూసుకుంటా, అడ్వాన్స్ నేను కట్టేస్తా" అని ఆ కొత్తవాడు రైతుకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడట.

ఊళ్లో అందరూ రైతునే తిట్టారు. నాకు మాత్రం మూడోవాడి మీదే మంట, చట్టం కూడా వాడిని ఊరికే వదలదు.

కిలోకి పది రూపాయలు ఎక్కువిస్తానని రైతుని పిలవడం తప్పేం కాదు, అది వ్యాపారం, మా బావా చేస్తాడు (చదివితే చదవనీ). ఒప్పందం ఉందని తెలిసీ దాన్ని తప్పించడానికే పూనుకున్నాడు చూడండి, చిక్కంతా అక్కడ. 1853లో ఇంగ్లండ్‌లో జొహన్నా వాగ్నర్ అనే గాయని లమ్లీ అనే అతని థియేటర్‌లో పాడతానని ఒప్పుకుంటే, గై అనే పోటీదారు ఎక్కువ డబ్బు ఆశ చూపి లాక్కోబోయాడు. అలా చేసినవాడి మీద దావా చెల్లుతుందని కోర్టు తేల్చింది. తమాషా ఏంటంటే, ఆ ఒప్పందం చెల్లదని గై నిజంగానే నమ్మాడంటూ చివరికి జూరీ అతన్ని వదిలేసింది! అంటే గొడవంతా "వాడికి తెలుసా" అన్న దగ్గరే తేలాలి.

మన దగ్గర ఇది టార్ట్ కింద, అంటే మనతో ఒప్పందం లేనివాడైనా చేసిన నష్టానికి పరిహారం అడుగుతూ వేసే సివిల్ దావా. గడువు మాత్రం చాలా తక్కువ, 1963 లిమిటేషన్ చట్టం 78వ ఆర్టికల్ ప్రకారం ఒప్పందం తప్పిన రోజు నుంచి ఒక్క ఏడాదే. మాట తప్పినందుకు రైతు మీద వేయడానికైతే మూడేళ్లుంటాయి. పెద్దమనుషుల్లో పెడదాం, సంక్రాంతి వెళ్లనీ అంటూ నాన్చితే మూడోవాడు దర్జాగా తప్పించుకుంటాడు.

ఇంకోటి, ఆ వాయిస్ మెసేజ్ ఉన్నది రైతు ఫోన్‌లో. ఇప్పటి సాక్ష్య చట్టంలో దాన్ని కోర్టులో పెట్టాలంటే 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఆ మెసేజ్ ఏ ఫోన్‌లోంచి, ఎలా తీశారో చెప్పే కాగితం) కావాలి, అంతకంటే ముందు రైతు ఆ ఫోన్ చేతికివ్వాలి, బోనెక్కి "అవునండి, వాడికి పేపరు చూపించాను" అని చెప్పాలి. కాబట్టి బావా, రోజూ ఆ రైతు వాళ్ల వీధరుగు దగ్గర నిలబడి కేకలేయడం ముందు ఆపు.